మలుగుపాము శుశ్రూష

ఆవుదూడలకును, చిలుకలకును జబ్బు చేసినపుడు పరిచర్య చేయుట మనకు క్రొత్త గాదు. అవి నొప్పి కలిగిన అరచును, మూల్గును, మన మొగము చూచును. చేప అట్లు చేయలేదు. దాని బాధను నీరు కప్పివైచును. అందును మలుగుపామును చూచినంతనే జనులు సర్పమని దడిసి కొట్టుదురు. అట్టి ప్రాణిని ఇంట నుంచి గాయము మాన్పిన విధమును, అందువలన నాకు తోచిన ధర్మమును ఇచట వ్రాయుచున్నాను.

2024వ సంవత్సరము సెప్టెంబరు మొదట మున్నేరు పొంగి మా వత్సవాయి ప్రాంతపు పొలములను ముంచెను. వరద తీసిన పిమ్మట గుంటలలో చేపలు చిక్కుకొనెను. ఒక గుంటలోని మలుగును ఎవరో పామనుకొని పారతో కొట్టిరి. మావారి శిష్యు లిరువురు దానిని తడిగోనెలో చుట్టి తెచ్చి, "అమ్మగారూ! ఇది పాము గాదండీ, రెక్కలున్నవి" అనిరి. ఆ బాలురు చెప్పినది నిజము. మలుగునకు మొప్పల వెనుక రెండు చిన్నరెక్క లుండును. వీపునుండి తోక చుట్టి పొట్టవరకు ఒక్కటే అంచువలె మరియొక రెక్క సాగును. పామున కివి లేవు. పిల్లల కీ గుర్తు నేర్పిన అనేక ప్రాణములు నిలుచును.

అది రెండు మూరల పొడవుండెను. నడుముకడ చర్మము చీలి మాంసము కనబడుచుండెను. పొరుగింటి పెద్దమ్మగారు పసుపు అద్దుమనిరి. కాని మలుగు ఒంటినున్న జిగురే దాని కవచము. పొడిచేతితో పట్టినను, గుడ్డతో తుడిచినను ఆ కవచము పోయి రోగము ప్రవేశించును. కావున తప్పనిసరియైనపుడు మాత్రమే, చేతులు తడిపి ముట్టవలెను. మరియొక జాగ్రత్త: దాని పచ్చినెత్తురు విషము. మన కంటికిగాని, తెగిన చేతికిగాని తగులనీయరాదు. ఆ విషము వండినపుడు నశించును.

పట్టణములందు కొందరు సముద్రపు మలుగులను గాజుతొట్లలో పెంచుదురు. వానికి లీటరునకు సుమారు 35 గ్రాముల సముద్రలవణములు గల నీ రెల్లప్పుడును వలయును. మాది యేటిమలుగు. దానికి బావినీరే చాలును. ఐనను గాయపడినపుడు కొంచె ముప్పు దీనికిని మేలుచేయును. కారణ మిది: ఏటిచేప యొడలిలో చుట్టునున్న నీటికంటె ఉప్పెక్కువ. అందుచే నీరు లోనికి చొచ్చుచుండును, ఉప్పు వెలికి పోవుచుండును. చేప రేయింబవళ్లు ఆ నీటిని మూత్రముగా వెడలించుచుండును. చర్మము తెగిన ఈ పని మిక్కుటమై బలము క్షీణించును. నీట ఉప్పు కలిపిన ఆ శ్రమ తగ్గును. నేను 200 లీటర్ల సిమెంటు తొట్టిలో, అయొడిను చేరని రాతియుప్పు లీటరునకు 3 గ్రాముల చొప్పున, 600 గ్రాములు తూచి, ఒక దినమంతయు కొంచెము కొంచెముగ కరగించితిని. ప్రతిదినము నాల్గవవంతు నీరు తీసి, అంతే ఉప్పుపాలుగల క్రొత్తనీరు పోసితిని. కుళాయినీరు వాడువారు ఒకదినము తెరచియుంచి క్లోరిను పోయిన పిదప వాడవలెను.

వెలుతురు దానికి గిట్టదు. పగిలిన కుండనొకటి తొట్టిలో బోర్లించితిని. తొట్టిపై పలక వేసి రాళ్లుంచితిని. మలుగు తడిచర్మముతో కూడ శ్వాసించును గనుక, సందు దొరికిన రాత్రివేళ తడిగడ్డిపై ప్రాకి పోగలదు. పది దినము లేమియు తినలేదు. పదునొకండవ రాత్రి వానపామును పట్టెను. మిగిలిన మేతను వెంటనే తీసివేయుచుంటిని, అది క్రుళ్లిన నీరు విషమగును. మూడు వారములకు చీలిక కూడుకొని, పైన లేతచర్మము వచ్చెను.

అప్పుడు అసలు చిక్కు వచ్చెను. మా అమ్మాయికి దానిపై మమకార మేర్పడినది. "మన బావిలో విడుతమమ్మా, నూరేండ్లు బ్రతుకును" అని కన్నీరు పెట్టుకొనెను. ఆ మాట వట్టిది గాదు. స్వీడను దేశమున బ్రాంటెవిక్ అను పల్లెలో 1859లో నూతిలో విడువబడెనని చెప్పెడి మలుగు 2014 వరకు అందే యుండెనని ప్రసిద్ధి.

కాని నూతిలోని మలుగు బ్రతుకునే కాని బిడ్డలను కనదు. ఏటిమలుగులు సముద్రగర్భమున పుట్టును. ఆకువలె పలుచనై, పిదప గాజువలె పారదర్శకమై, తీరము చేరి ఏళ్లలోని కెగబ్రాకును. ఏండ్లకొలది మంచినీట పెరిగి, తుదకు వరదకాలమున మరల సముద్రమునకు దిగి, ఒక్కసారి గ్రుడ్లుపెట్టి మరణించును. ఐరోపాఖండపు మలుగుల జన్మస్థానము అట్లాంటికు సముద్రమున నున్నదని డెన్మార్కు పండితుడు యోహానెస్ ష్మిట్ ఏండ్లతరబడి వెదకి 1922లో ప్రకటించెను. మన మలుగులు హిందూసముద్రమునకు పోవును.

మున్నేరు ఏటూరుకడ కృష్ణలో కలియును. దిగువన బెజవాడ ప్రకాశం బరాజునకు 70 తలుపులు. వరదలో అవి లేచును, నీరు తగ్గిన దిగును. ఆ సెప్టెంబరున అచ్చట 11.43 లక్షల క్యూసెక్కుల నీరు పారెను. వరదనీరున్న దినములే మలుగునకు రాజమార్గము. గాయము పూర్తిగ గట్టిపడువరకు ఆగిన త్రోవ మూసికొనును, తొందరపడిన పుండు రేగును. నాలుగు దినములు ఉప్పు క్రమముగ తగ్గించి, పోలంపల్లి ఆనకట్టకు దిగువన విడువ నిశ్చయించితిని.

అమ్మాయికి భాగవతమందలి మత్స్యావతారకథ చెప్పితిని. సత్యవ్రతుని చేతబడిన చిరుచేప కమండలువున ఇమడక పెద్దపాత్ర కోరెను, పిదప మడుగు, సరస్సు కోరెను, తుదకు రాజు దానిని సముద్రమున విడిచెను. రాజు ప్రతిసారియు దానిని మోసికొని పోయెనే కాని నాయొద్దనే యుండుమనలేదు. అమ్మాయి కన్నులు తుడుచుకొని, తానే గోనె తడిపి తెచ్చెను. నీటిలో వదలినపుడు మలుగు క్షణమైన నిలువలేదు.

పోషణ వేరు, స్వాధీనము వేరు. మన యింట పెరిగి పరుల యింటికి పోవు బిడ్డలను కన్నవారము గనుక ఈ భేదము మనకు మిక్కిలి తెలియును. గాయము మానువరకే ప్రాణిని మనయొద్ద నుంచుకొనవలెను. పిమ్మట దాని త్రోవ తెలిసికొని, ఆ త్రోవ తెరచియున్న వేళకే విడిచిపెట్టుట శుశ్రూషలోని కడపటి పని.