ఎడమ చక్రం గవాహీ

మా ఆపా కొడుక్కి ఇరవై మూడేళ్లు. మహబూబ్‌నగర్ నుంచి బోయిన్‌పల్లి మార్కెట్‌కి రాత్రిపూట పికప్‌లో కూరగాయల లోడు తోలుతాడు. బండి సేఠ్‌ది, మెహనత్ మావాడిది. మీ ఖాన్‌దాన్‌లోనూ ఇలాంటి పిల్లలు ఉండే ఉంటారు. చదువు ఇంటర్ దగ్గర ఆగిపోయి, లైసెన్స్ చేతికొచ్చాక రోజీ మొదలైనవాళ్లు. వాళ్లకున్న జాయ్‌దాద్ అంతా ఒక్క మాట: "మంచిగ తోల్తడు, బండిని కాపాడ్తడు." ఆ మాట పోయిందంటే ఇంకో సేఠ్ తాళంచెవి చేతిలో పెట్టడు.

వానల్లో ఆ మాటకే ముప్పొచ్చింది. బండి గుంజడం లేదు. నాలుగో గేర్‌లో పోయే చోట మూడో గేర్ అడుగుతోంది. డీజిల్ ఎక్కువ తాగుతోంది. ఓ రాత్రి షాద్‌నగర్ దాటాక చాయ్ కోసం ఆపితే వెనక ఎడమ చక్రం దగ్గర కాలిన వాసన. తెల్లారి సేఠ్ ఒక్క ముక్కలో ఫైసలా చేసేశాడు: "హ్యాండ్‌బ్రేక్ దించకుండనే తోలిండు. రిపేర్ ఖర్చు జీతంల కట్."

"దించిన మామూ, ఖసమ్‌సే. మీటర్ల ఎర్ర లైట్ గూడ ఆరింది" అని మావాడు. ఫోన్‌లో ఆపా ఏడుపు. నేను పత్రికలో పనిచేస్తాను కాబట్టి సేఠ్‌తో ఓ మాట అంటే సర్దుకుంటుందని ఆమె ఉమ్మీద్. కానీ నేను మాట్లాడితే అది సిఫారిష్ అవుతుంది, సబూత్ కాదు. ఇవ్వాళ ఆ సేఠ్ ఊరుకున్నా "బ్రేక్ కాల్చిన పోరడు" అనే పేరు మాత్రం వెంటే వస్తుంది. అందుకని బండిని ఉస్తాద్ షెడ్డుకి తెమ్మన్నాను.

ఉస్తాద్ నాతోపాటే ఉర్దూ మీడియంలో ఆరో తరగతి దాకా చదివాడు. ఆ తర్వాత నా చేతికి తెలుగు పుస్తకాలొచ్చాయి, ఆయన చేతికి పానా వచ్చింది. పార్టులు ఒక్కొక్కటే మార్చుకుంటూ పోయి, రోగం ఎప్పుడు పోతే అప్పుడు బిల్లు రాసే రకం కాదు. ముందు సవాల్ వేస్తాడు.

మొదటి సవాల్: "ఏక్ చక్కా గరమ్ హోరా, యా దోనో?"

నాకు అది మామూలు ప్రశ్నలాగే వినిపించింది. సగం కేసు అందులోనే ఉందని తర్వాత అర్థమైంది. బండిని నాలుగు కిలోమీటర్లు తిప్పి, బ్రేక్ ఎక్కువ తొక్కకుండా మెల్లగా ఆపి, డ్రమ్ముల దగ్గర చెయ్యి పెట్టి చూశాడు. తాకలేదు, దగ్గర పెట్టాడంతే. తాకితే తోలు ఊడొస్తుంది. కుడివైపు గోరువెచ్చన. ఎడమవైపు తందూర్.

చల్లారాక ముందు చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టి, గేర్ న్యూట్రల్ చేసి, హ్యాండ్‌బ్రేక్ దించి, వెనక భాగం జాకీతో లేపి స్టాండ్ల మీద నిలబెట్టాడు. కుడి చక్రం చేత్తో తిప్పితే తిరుగుతోంది. ఎడమది రెండు చేతులూ వేసినా మూలుగుతోంది.

ఇక్కడ మనబోటివాళ్లకి తెలియాల్సిన సంగతి ఒకటుంది. వెనక బ్రేక్‌ని ఇద్దరు నడుపుతారు. కాలితో పెడల్ తొక్కితే ఆయిల్ పోయి వీల్ సిలిండర్‌ని నెడుతుంది, అది షూలని డ్రమ్‌కి అదుముతుంది. చేత్తో హ్యాండ్‌బ్రేక్ లాగితే తీగ పోయి అవే షూలని లాగుతుంది. కాబట్టి చక్రం పట్టేసిందంటే దోషి ఆయిలా, తీగా, లేక డ్రమ్ లోపలి సామానా అన్నది తేలాలి. ఒక్కొక్కరినీ విడిగా పిలిచి అడగాలి.

ముందు ఆయిల్‌ని అడిగాడు. వీల్ సిలిండర్ వెనకున్న నిపుల్‌ని కాస్త వదులు చేశాడు. లోపల ప్రెషర్ ఇరుక్కుని ఉంటే ఆయిల్ చిమ్ముకుని వస్తుంది, చక్రం వెంటనే వదులవుతుంది. రబ్బర్ హోస్ లోపల ఉబ్బిపోతే అలా అవుతుంది: కాలి జోర్‌కి ఆయిల్ అటు వెళ్తుంది గానీ స్ప్రింగ్ జోర్‌కి వెనక్కి రాలేదు. కానీ ఈ బండిలో వెనక ఇరుసుకి దిగేది ఒక్కటే హోస్, అక్కడి నుంచి పైపు రెండు చక్రాలకి చీలుతుంది. అది పాడైతే రెండూ పట్టేయాలి. నిపుల్ దగ్గర ఆయిల్ మెల్లగా కారింది, చక్రం కదల్లేదు. ఆయిల్ బరీ.

తర్వాత తీగ. బండి కిందికి దూరి, హ్యాండ్‌బ్రేక్ తీగ రెండుగా చీలే చోట నట్టు వదులు చేశాడు. అయినా ఎడమ చక్రం వదల్లేదు. తీగ కూడా బరీ అనుకున్నాను నేను. ఉస్తాద్ మాత్రం "ఠైరో మియా" అన్నాడు.

డ్రమ్ తేలిగ్గా రాలేదు. అడ్జస్టర్‌ని వెనక్కి తిప్పి, హథోడీతో చుట్టూ తట్టి తట్టి లాగాడు. లోపలి దుమ్ముని ఊదలేదు, తడిగుడ్డతో తుడిచాడు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకి జహర్. షాగిర్ద్ నోరు తెరిచి చూస్తుంటే వాడి ముఖానికీ గుడ్డ కట్టించాడు. లైనర్ నల్లగా కాలి అద్దంలా మెరుస్తోంది, డ్రమ్ అక్కడక్కడా నీలం తిరిగింది. స్ప్రింగులు ఠీక్, సిలిండర్ పిస్టన్ ఠీక్. షూ వెనకాల హ్యాండ్‌బ్రేక్ లాగే చిన్న లివర్ ఉంటుంది. అది తన చోటికి రాకుండా లాగినట్టే నిలబడి ఉంది. తీగ కొనని దాని నుంచి ఊడదీయగానే లివర్ టక్కున వెనక్కి వెళ్లింది. ఇప్పుడు పక్కడ్‌తో తీగని లాగితే దాని కవర్ లోపల అంగుళం కూడా జారడం లేదు.

తీగ మీది కవర్ ఛాసిస్‌కి రాసుకుని రాసుకుని ఓ చోట చిరిగింది. వాన నీళ్లు, బురద దిగాయి. లోపల జంగ్ పట్టింది. డ్రైవర్ చేత్తో లాగిన జోర్‌కి వెళ్తోంది గానీ స్ప్రింగ్ పిలిస్తే తిరిగి రావడం లేదు. అందుకే మధ్యలో నట్టు వదులు చేసినా లాభం లేకపోయింది. క్యాబిన్‌లో లివర్ కిందికి దిగుతుంది, ఎర్ర లైట్ ఆరుతుంది, కింద చక్రం మాత్రం పట్టుకునే ఉంటుంది. ఆ లైట్ చూసేది క్యాబిన్‌లో లివర్‌ని, చక్రాన్ని కాదు.

"కుడి డ్రమ్ గూడ విప్పు" అన్నాడు ఉస్తాద్, షాగిర్ద్‌తో. ఎందుకని అడిగాను. "లౌండా బచ్‌నా నా?" అన్నాడు.

సేఠ్‌ని పిలిపించాం. ఉస్తాద్ రెండువైపుల లైనర్లూ పక్కపక్కన పెట్టాడు. కుడివి మందంగా, మామూలు రంగులో ఉన్నాయి. "సేఠ్ సాబ్, హ్యాండ్‌బ్రేక్ దించకుండ తోల్తే తీగ రెండు చక్రాలనీ గుంజుతది. రెండూ కాలాలె. ఒక్కటే ఎట్ల కాలింది?" అన్నాడు. సేఠ్ తీగని చేతిలోకి తీసుకుని లాగి చూశాడు, మళ్లీ లాగాడు. కాసేపటికి "హ్యాండ్‌బ్రేకే గదా, నేను చెప్పింది గూడ అదేనాయె" అన్నాడు. అబద్ధమూ కాదు. కానీ మావాడు దించానన్నదీ నిజమే.

జీతం కన్నా నాకు భయం వేసింది ఇంకో సంగతికి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. డాట్ 3 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ హద్దు 140 దాకా పడిపోతుంది. డ్రమ్ తందూర్‌లా కాలుతుంటే సిలిండర్‌లో ఆయిల్ మరిగి ఆవిరవుతుంది. అప్పుడు పెడల్ తొక్కితే ఉత్తగా కిందికి పోతుంది. రాత్రి రెండింటికి, టన్ను పైన టమాటాలతో, హైవే మీద.

కొత్త తీగ వేశారు, ఈసారి ఛాసిస్‌కి తగలకుండా క్లిప్పులు పెట్టి. లైనర్లు రెండువైపులా మార్చారు. ఒక్కవైపే మారిస్తే బ్రేక్ ఓ పక్కకి గుంజుతుంది. ఆయిల్ కొత్తది పోసి గాలి తీశారు. మళ్లీ నాలుగు కిలోమీటర్లు తిప్పి చెయ్యి పెడితే రెండు డ్రమ్ములూ ఒకే వెచ్చదనం.

ఆ నెల జీతంలో కోత పడలేదు. సేఠ్ మాఫీ అడగలేదు, మావాడూ ఆశపడలేదు. జంగ్ పట్టిన తీగని మాత్రం చుట్టలా చుట్టి సీటు కింద దాచుకున్నాడు. ఆపా ఇంటికి తెచ్చి చూపించమంటోంది.