ఓడ పొట్టకు స్నానం చేయించేదెవరు?

వైజాగ్ వెళ్ళినవాళ్ళెవరూ ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ పక్కన సెల్ఫీ దిగకుండా రారు. నేనూ దిగాను. అయితే ఈసారి మీరు వెళ్తే టికెట్ క్యూలో నిలబడే ముందు ఒక్క పని చేయండి. కింద నుంచి దాని పొట్ట చూడండి. 91 మీటర్ల పొడవున్న ఈ ఉక్కు తిమింగలం 2001లో నేవీ నుంచి రిటైరై, 2002లో మ్యూజియం అయింది. ఒడ్డున ఉంది కాబట్టి, రంగేసి ఉంది కాబట్టి నున్నగా కనిపిస్తోంది. నీళ్ళలో తిరిగే ఓడల పొట్ట మాత్రం మన కంటికి కనపడదు. అక్కడ ఏం జరుగుతుందో తెలుసుకోవాలని, ఈ ట్రిప్‌లో బీచ్ టైమ్ తగ్గించి హార్బర్ టైమ్ పెంచాను.

మే నెలలో ఫిషింగ్ హార్బర్

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మన తీరంలో 61 రోజులు వేట నిషేధం. మరబోట్లన్నీ ఒడ్డుకు చేరి రిపేర్లలో ఉంటాయి. వేట రోజుల్లో చేపల గోలలో పట్టించుకోని దృశ్యం అప్పుడు కనిపిస్తుంది. పైకి లాగి పెట్టిన బోటు కింద నలుగురు కూర్చుని ఇనప రేకులతో అడుగు గీకుతున్నారు. తెల్లటి గుల్లలు, పచ్చటి పాచి పెళ్ళలు పెళ్ళలుగా రాలుతున్నాయి.

"ఏటి బాబూ, దీనికి కూడా ఫొటోనా?" అని నవ్వాడు ఓ పెద్దాయన.

"ఇది గీకకపోతే ఏమవుతుంది బాబాయ్?"

"ఏటవుద్ది, బోటు బరువెక్కిపోద్ది. ఇంజను ఎంత తొక్కినా కదల్దు. డీజిలు మాత్రం తాగేస్తది."

పెద్ద పెద్ద షిప్పింగ్ కంపెనీలు ఇంజనీర్లను పెట్టి లెక్కలు కట్టించే విషయాన్ని ఆయన మూడు ముక్కల్లో చెప్పేశాడు.

జిడ్డుతో మొదలు

సముద్రంలో ఏ వస్తువు వేసినా కొద్ది గంటల్లోనే దానిమీద బ్యాక్టీరియా పొర పడుతుంది. ముట్టుకుంటే జిడ్డుగా ఉంటుంది. దాని మీద నాచు, ఆ తర్వాత బార్నకిల్స్ అనే గుల్ల జీవులు, గొట్టం పురుగులు, ఆల్చిప్పలు చేరతాయి. బార్నకిల్ పిల్లగా ఉన్నప్పుడు ఈదుతూ చోటు వెతుక్కుంటుంది. నచ్చిన చోట తల ఆనించి, సొంత జిగురుతో అతుక్కుని, ఇక జీవితాంతం అక్కడే ఉండిపోతుంది.

అంతర్జాతీయ సముద్రయాన సంస్థ ఐఎంఓ ఆధ్వర్యంలో 2021లో వచ్చిన నివేదిక ప్రకారం, అర మిల్లీమీటరు మందం జిడ్డు ఓడ అడుగులో సగం మేర పరుచుకున్నా చాలు, పొగగొట్టం నుంచి వచ్చే గ్రీన్‌హౌస్ వాయువులు 25 నుంచి 30 శాతం దాకా పెరగొచ్చు. గుల్లలు రాకముందు లెక్క ఇది!

ఒకప్పుడు దీనికి మందు టీబీటీ అనే రసాయనం కలిపిన రంగు. అది గుల్లల్నే కాదు, చుట్టుపక్కల నత్తల్నీ ఆల్చిప్పల్నీ కూడా దెబ్బతీసింది. 2008లో అంతర్జాతీయ నిషేధం అమల్లోకి వచ్చింది. ఇప్పుడు ఎక్కువగా రాగి కలిసిన రంగులు వాడుతున్నారు.

1967లో దిగిన అతిథి

వైజాగ్ పేరు ఈ సబ్జెక్టులో చాలా పాతది. పోర్టు 1933లో మొదలైంది. 1950ల్లోనే ఆంధ్రా యూనివర్సిటీ జువాలజీ ప్రొఫెసర్ పి.ఎన్. గణపతి, ఆయన సహచరులు ఇక్కడి హార్బర్‌లో ఏ జీవి ఎక్కడ అతుక్కుంటోందో అధ్యయనం చేశారు.

తర్వాత 1967లో ఒక కొత్త ముఖం కనిపించింది. మైటిలోప్సిస్ సాలీ. వేలి గోరంత ఉండే నల్ల చారల ఆల్చిప్ప. సొంతూరు అట్లాంటిక్ అవతల, కరీబియన్ వైపు. ఓడల్ని పట్టుకుని వచ్చిందని శాస్త్రవేత్తల అంచనా. గెడ్డల నీళ్ళు కలిసే మన ఇన్నర్ హార్బర్ దానికి బాగా నచ్చింది. గుత్తులు గుత్తులుగా పెరిగింది. తర్వాత ముంబైలోనూ కనిపించింది.

ఇదే ఆల్చిప్ప 1999లో ఆస్ట్రేలియాలోని డార్విన్ మెరీనాల్లో కనిపిస్తే వాళ్ళేం చేశారో తెలుసా? గేట్లు మూసేసి నీళ్ళలో క్లోరిన్, మైలుతుత్తం కలిపేశారు. ఆల్చిప్ప పోయింది. ఆ నీళ్ళలో ఉన్న మిగతా ప్రాణులూ పోయాయి. మన హార్బర్‌కి మూయడానికి గేట్లు లేవు. వచ్చింది వచ్చినట్టే ఉండిపోయింది.

అందుకే అసలు చిక్కు ఇక్కడుంది. ఓడ అడుగు గీకకపోతే డీజిల్ దండగ. గీకి అక్కడే వదిలేస్తే పరాయి జీవులు, వాటితోపాటు రాగి రంగు పొడి ఆ ఊరి నీళ్ళలో కలుస్తాయి. 2018 నుంచి న్యూజిలాండ్ తమ దేశానికి వచ్చే ఓడలు అడుగు శుభ్రంగా ఉంచుకునే రావాలని రూల్ పెట్టింది.

రెండు రకాల రోబోలు

చాలా పోర్టుల్లో ఈ పని ఇప్పటికీ డైవర్లదే. మసక నీళ్ళలో, తల మీద వేల టన్నుల ఓడ పెట్టుకుని బ్రష్ మిషన్ నడపాలి. పొరపాటున ప్రొపెల్లర్ తిరిగినా, నీళ్ళు లోపలికి పీల్చే పంపు ఆన్ అయినా ప్రాణం మీదకొస్తుంది.

అందుకే రోబోలు. ఒక రకం, ఉన్న మురికిని వదిలించి పట్టుకునేది. 2013లో దుబాయ్‌లో మొదలైన హల్‌వైపర్ ఇలాంటిదే. బ్రష్ ఉండదు. సముద్రపు నీటినే గట్టి ఒత్తిడితో చిమ్మి, ఊడిన చెత్తను పీల్చి ఫిల్టర్‌లోకి పంపుతుంది.

రెండోది అసలు పెరగనివ్వనిది. నార్వే రంగుల కంపెనీ యోటున్ 2020లో తెచ్చిన హల్‌స్కేటర్ దాదాపు 200 కిలోల బండి. ఓడలోనే కాపురం. అయస్కాంత చక్రాలతో ఉక్కు గోడకు అతుక్కుని, జిడ్డు దశలోనే తుడిచేస్తుంది. ఓడ ఏ రేవులో ఆగినా, 4జీ సిగ్నల్ మీద నార్వేలో కూర్చున్న ఆపరేటర్ దాన్ని నడుపుతాడు. మనింట్లో గచ్చు రోజూ తుడవడానికీ, పండక్కి ఒక్కసారి బ్రష్ పెట్టి రుద్దడానికీ ఎంత తేడా ఉందో, దీనికీ అంతే.

పరీక్ష ఎందుకంత కష్టం?

నీళ్ళలో జీపీఎస్ పనిచేయదు. అంతా ఒకే రంగు గోడ. తాను ఎక్కడున్నదీ రోబో చక్రాల లెక్కతో, శబ్ద తరంగాలతో, లోపలి సెన్సర్లతో తేల్చుకోవాలి. బురద నీళ్ళలో కెమెరాకు చెయ్యెత్తు దూరం కూడా కనపడకపోవచ్చు. ఓడ నడుము చదునుగా ఉంటుంది, అక్కడ సులువే. ముక్కు దగ్గర, తోక దగ్గర ఒంపులు వస్తాయి. నీళ్ళు పీల్చే జాలీల్లాంటి సందుల్లోకి బండి దూరదు. గుల్లలు దాక్కునేదీ ఆ సందుల్లోనే.

అందుకే ముందు రంగేసిన పలకల్ని నెలల తరబడి నీళ్ళలో వేలాడదీసి గుల్లలు పట్టనిస్తారు. వాటి మీద రోబోను నడిపి మూడు చూస్తారు. ఎంత మురికి పోయింది? రంగు ఎంత అరిగింది? పక్క నీళ్ళలో ఎంత రాగి, ఎన్ని బతికున్న జీవులు మిగిలాయి? చాలా వీడియోల్లో మొదటిది మాత్రమే చూపిస్తారు. హార్బర్ ఊళ్ళో ఉండేవాళ్ళకు కావాల్సింది మూడోది.

మన దగ్గరా మనుషులున్నారు. ఐఐటీ మద్రాస్‌లో పుట్టిన ప్లానిస్ స్టార్టప్ నీటి అడుగున తనిఖీ చేసే రోబోలు తయారుచేస్తోంది. వైజాగ్‌లోనే నేవీ కోసం పనిచేసే ఎన్‌ఎస్‌టీఎల్ ల్యాబ్ ఉంది, ఓడల డిజైన్ చెప్పే ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ క్యాంపస్ ఉంది, గణపతి గారి యూనివర్సిటీ ఉంది. పరీక్షకు కావాల్సిన మొండి ఆల్చిప్ప ఎలాగూ ఉంది. రోబోటిక్స్ చదువుతూ ప్రాజెక్ట్ టాపిక్ కోసం వెతికేవాళ్ళకు ఇంతకన్నా మంచి ఊరు దొరకదు.

వెళ్ళాలనుకుంటే: పోర్టు, షిప్‌యార్డు లోపలికి పర్మిషన్ లేకుండా పోనివ్వరు. ఫిషింగ్ హార్బర్‌కి మే నెలలో పొద్దున్నే వెళ్ళండి. గుల్లలు కాళ్ళు కోస్తాయి, బూట్లు వేసుకోండి. ఫొటో తీసే ముందు ఒక మాట అడగండి. సాయంత్రం కైలాసగిరి ఎక్కితే లంగరేసిన ఓడలన్నీ వరసగా కనిపిస్తాయి.