“నేనేడికీ పోను, ఈడనే ఉంట”

సిద్దిపేట ప్రభుత్వ దవాఖాన కాన్పుల గదిలో మంచం పక్కన పెద్ద రబ్బరు బంతి ఉంది. తొలుసూరు కాన్పుకు వచ్చిన అమ్మాయి దాని మీద కూర్చుని మెల్లగా ముందుకూ వెనక్కూ ఊగుతోంది. వెనక నిలబడ్డ తల్లి కూతురి నడుం మీద అరచేత్తో నొక్కుతోంది. ఎక్కడ నొక్కాలో, ఎంత బలంగా నొక్కాలో మిడ్‌వైఫ్ పట్టి చూపిస్తోంది. నొప్పి వచ్చిన ప్రతిసారీ మాట ఆపి, ఆ అమ్మాయితో పాటే ఊపిరి పీల్చి వదులుతోంది. నొప్పి సద్దుమణిగాక చిన్న యంత్రం కడుపుకు ఆనించి, లోపలి బిడ్డ గుండె ఎన్నిసార్లు కొట్టుకుంటోందో విని చార్టులో రాస్తోంది. ఆ అమ్మాయి సరేనన్నాకే నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను.

తల్లికి ఓపిక అయిపోయింది. “ఇంకెంతసేపు సిస్టరమ్మా? నా బిడ్డ గోస సూడలేకపోతున్న. పెద్దాపరేషన్ జేసెయ్యరాదుండ్రి” అంది.

“నాలుగు సెంటీమీటర్లే తెరుసుకున్నదమ్మా. లోపల బిడ్డ గుండె మంచిగ కొట్టుకుంటున్నది. తొలుసూరు గదా, టైం పడ్తది. నేనేడికీ పోను, ఈడనే ఉంట.”

చివరి మాట విన్నాక ఆ తల్లి చేతులు మళ్లీ కూతురి నడుం మీదికి వెళ్లాయి. తెలంగాణలో ఆ మాట వినకుండానే ఆపరేషన్ బల్ల ఎక్కుతున్న ఆడవాళ్లు ఎందరో. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం మన రాష్ట్రంలో నూరు కాన్పుల్లో దాదాపు 61 సిజేరియన్లు. దేశమంతటా కలిపితే అది 21.5 శాతమే. ఇక్కడి ప్రభుత్వ దవాఖానల్లో 44.5 శాతం, ప్రైవేటులో 81.5 శాతం. పొరుగున ఉన్న కరీంనగర్ జిల్లాలో 82 శాతం దాటింది. ఏ ప్రాంతంలోనైనా ఇది 10-15 శాతం మించడానికి కారణం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లోనే చెప్పింది.

ఆపరేషన్‌ను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. మాయ గర్భాశయ ముఖద్వారానికి అడ్డంగా ఉన్నప్పుడు, బిడ్డ అడ్డం తిరిగినప్పుడు, గుండె వేగం పడిపోతూ మళ్లీ కోలుకోనప్పుడు ఆ కోతే తల్లినీ బిడ్డనూ దక్కిస్తుంది. అక్కర లేని చోట కోస్తేనే నష్టం. మొదటి కోత పడిన గర్భాశయంతో రెండో కాన్పుకు వస్తే మళ్లీ కోతకే మొగ్గు చూపుతారు. కోతలు పెరిగేకొద్దీ మాయ పాత గాటుకు అతుక్కుపోయి విపరీతంగా రక్తం పోయే ప్రమాదమూ పెరుగుతుంది. ఇరవై రెండేళ్ల పిల్లకు మొదటి కాన్పులో తీసుకునే నిర్ణయం ఆమె తర్వాతి కాన్పులన్నిటినీ ప్రభావితం చేస్తుంది.

అక్కర లేని కోతలకు ఒక కారణమైన ముహూర్తాల గోల సంగతి ఇక్కడ అందరికీ తెలుసు. అయ్యగారు పెట్టిన గడియకు బిడ్డను తీయమని కుటుంబాలే డాక్టర్ల మీద ఒత్తిడి తెస్తాయి. 2021 నవంబరులో ఆరోగ్యశాఖ మంత్రి అయిన సిద్దిపేట ఎమ్మెల్యే హరీశ్‌రావు మంత్రిగా ఉన్నన్నాళ్లూ ఇది వద్దని సభల్లో చెబుతూ వచ్చారు. చెప్పాల్సిన మాటే. అయితే అసలు చిక్కు గడియారంలో ఉందని నాకు అనిపిస్తుంది. ఒక్క నర్సు నలుగురైదుగురు గర్భిణులను చూడాల్సిన చోట ఎవరి పక్కనా పది నిమిషాలు కూర్చోవడం కుదరదు. సహజ కాన్పుకు పన్నెండు గంటలు పట్టొచ్చు, సిజేరియన్ గంటలోపే అయిపోతుంది. భయంతో అరిచే మనిషికి ధైర్యం చెప్పే తీరిక ఎవరికీ లేకపోతే కోత దగ్గరి దారి అవుతుంది.

నొప్పులు మొదలయ్యాక గర్భాశయ ముఖద్వారం గంటకో సెంటీమీటరు తెరుచుకోవాలని దశాబ్దాలుగా లెక్క పెట్టుకున్నారు. ఆ వేగం అందుకోని వాళ్లకు నొప్పుల ఇంజెక్షన్, ఆ తర్వాత ఆపరేషన్. తల్లీబిడ్డా క్షేమంగా ఉన్నప్పుడు ఆ ఒక్క లెక్కను పట్టుకుని జోక్యం చేసుకోవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో స్పష్టం చేసింది. అయిదు సెంటీమీటర్ల నుంచే నొప్పుల చురుకైన దశ మొదలైనట్టు చూడమంది. ఆ లెక్కన ఈ అమ్మాయి ఇంకా ఆ దశకు కూడా రాలేదు. తనకు నచ్చిన మనిషిని పక్కన ఉంచుకోవడం, నడవడం, కూర్చోవడం, గొంతుక్కూర్చోవడం, అన్నీ ఆమె ఇష్టం.

మిడ్‌వైఫ్ పక్కనుండి కాన్పు చేయించే ఈ పద్ధతి మన దగ్గరికి కరీంనగర్ దారిన వచ్చింది. 2017లో ప్రభుత్వం, యూనిసెఫ్, ప్రసూతి వైద్య సంస్థ ఫెర్నాండెజ్ ఫౌండేషన్ కలిసి అక్కడ సర్కారు దవాఖానల నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టాయి. తొలి జట్టులో 30 మంది. సిజేరియన్లు అంతగా పెరిగిన జిల్లాలోనే దీనికి బీజం పడటం నాకు గొప్పగా తోచింది. మరుసటి ఏడు కేంద్రం దేశమంతటికీ మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు తెచ్చింది.

నేను మాట్లాడిన మిడ్‌వైఫ్ అంతకుముందు చాలా ఏళ్లు స్టాఫ్ నర్సు. “అప్పట్ల నేను గూడ ‘అరవకు’ అని కసిరినదాన్నే” అంది. శిక్షణలో ఆమెకు కష్టమనిపించింది ఊరుకోవడమట. బిడ్డ తల కనిపించగానే ‘ముక్కు, ముక్కు’ అని కేకలేయకుండా ఉండటం, అలవాటుగా గాటు పెట్టకుండా ఆగడం, బిడ్డ బయటికి రాగానే తూకానికి తీసుకుపోకుండా తల్లి రొమ్ము మీద పడుకోబెట్టి, బొడ్డుతాడు కొట్టుకోవడం ఆగాక కత్తిరించడం. గంటలోపు ముర్రుపాలు పట్టించాలి. ఆ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారమే తెలంగాణలో ఆ మొదటి గంట పాలు అందుకున్న పిల్లలు నూటికి 40 మంది కూడా లేరు. కోత నొప్పితో మత్తులో ఉన్న తల్లి బిడ్డను ఎత్తుకునేలోపు ఆ గంట దాటిపోతుంది.

ఏదైనా తేడా వస్తే డాక్టరు పక్క గదిలోనే ఉంటారు, థియేటర్ సిద్ధంగా ఉంటుంది. ఎప్పుడు పిలవాలో తెలియడం శిక్షణలో సగం.

ఆ మిడ్‌వైఫ్‌ను ఏం కావాలని అడిగితే, జీతం మాట ఎత్తుతుందనుకున్నాను. ఈ గదిలోనే ఉంచాలి, మనుషులు తక్కువైనప్పుడల్లా వేరే వార్డుకు మార్చొద్దు అంది. ఏడో నెల చెకప్పులకు గర్భిణి వెంట ఆశా కార్యకర్తలు అత్తనో, తల్లినో, భర్తనో తప్పకుండా తోలుకురావాలి అంది. ఆపరేషన్ చేయమని అడిగేది ఎక్కువగా వాళ్లేనట. రబ్బరు బంతి మీద ఎట్లా కూర్చోవాలో, నడుం ఎక్కడ పట్టాలో నొప్పులు రాకముందే వాళ్లకు నేర్పితే కాన్పు రోజున సగం పని తగ్గుతుందని ఆమె లెక్క.