కోళ్లగూటి తలుపు

గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి పల్లెలలో పెరటియందు నాలుగు కోళ్లను పెంచుకొను కూలి కుటుంబములు అనేకములు గలవు. గ్రుడ్లమ్మగా వచ్చిన పైకమును ఇల్లాలు పిల్లల పుస్తకములకును, చిల్లర ఖర్చులకును దాచుకొనును. ఒక్కరాత్రి అడవిపిల్లి గూటిలో దూరినచో, ఏడాది శ్రమ తెల్లవారునప్పటికి ఈకల కుప్పయై మిగులును.

ప్రత్తితీతలు మొదలుకొని మిరపకోతలు ముగియువరకు కూలీలకు తీరిక యుండదు. చీకటితో బయలుదేరినవారు ప్రొద్దుగ్రుంకిన పిదపగాని ఇల్లు చేరరు. గూటి తలుపు మూయు పని పిల్లలపై బడును. వారు ఆటలో బడి మరచిన రాత్రియే అడవిపిల్లికి పండుగ. స్వల్పవ్యయముతో చేసికొనదగిన, తనంతట మూసికొను తలుపు ఈ చిక్కునకొక యుపాయము.

ఈ యుపాయమునకు కోడి స్వభావమే ఆధారము. చీకటిలో దానికి చూపు ఆనదు. అందుచే వెలుగు తగ్గుచుండగనే, ఎవరును తోలకయే గూడు చేరును. అది చేరిన పిదప తలుపు మూసికొన్న చాలును.

ఇందుకు గడియారము చాలదాయని తోచవచ్చును. గుంటూరు ప్రాంతమున ప్రొద్దు డిసెంబరులో సుమారు 5.40 గంటలకును, జూన్ చివర సుమారు 6.40 గంటలకును గ్రుంకును. డిసెంబరునకు సరిపెట్టిన గడియారము జూన్‌లో కోళ్లను వెలుపలనుంచి తలుపు మూయును. కావున వెలుగునే కొలువవలెను. వెలుగు తగ్గినకొలది విద్యుత్తును ఎక్కువగా అడ్డగించు చిన్న బిళ్ల యొకటి గలదు. దానిని వీధిదీపము సోకనిచోట బిగింపవలెను.

పలుచని ప్లైవుడ్డు పలకను రెండు గాడుల నడుమ నిలువున జారునట్లు అమర్తురు. పండ్లచక్రములతో మెల్లగా తిరుగు మోటారు, పలకకు కట్టిన నైలాను త్రాడును చుట్టుచు విప్పుచుండును. పైనొకటి, క్రిందనొకటి గల మీటలు పలక తగులగనే మోటారును ఆపును. చిన్న సౌరఫలకము పగలు బ్యాటరీని నింపును.

సూర్యాస్తమయమైన వెంటనే గాక, ఇరువది ముప్పది నిమిషములకు తలుపు మూసికొనవలెను. అప్పటి వెలుగు మధ్యాహ్నపు కారుమబ్బు వెలుగుకన్న ఎంతో తక్కువ. కావున వానమబ్బునకు తలుపు మోసపోదు. మెరుపునకు తెరచుకొనకుండ, వెలుగు పది నిమిషములు నిలకడగానున్ననే మోటారు కదలునట్లు చేయుదురు. పలక బరువైనచో గడపపైనున్న కోడిపిల్ల నలిగిపోవును. ముందుగా ఖాళీ గూటికి బిగించి కొన్నిదినములు పరీక్షింపవలెను.

పగటి ముంగిసను, గద్దను ఈ తలుపు ఆపలేదు. వెనుకబడిన కోడి వెలుపల నిలిచినను దానికి తెలియదు. యంత్రము వెలుగును కొలుచునేగాని కోళ్లను లెక్కింపదు. ఆ లెక్క పిల్లలదే. చీకటిపడగనే దీపము తీసికొని గూటిలోనికి తొంగిచూడవలెను. ఒకటి తగ్గినచో వామిప్రక్కను, చెట్టుకొమ్మలపైను వెదకి తెచ్చి, గూటనుంచిన పిమ్మటనే నిద్రింపవలెను.