నా తల నా ఇష్టమేనా?



ఈ పేజీలో మీరు మామూలుగా పరీక్షల గురించి, మొబైల్ వాడకం గురించి, టిఫిన్ బాక్సుల గురించి చదువుతుంటారు. ఈసారి స్కూలు గేటు బయట మొదలయ్యే విషయం ఒకటి రాస్తాను. టూ వీలర్ మీద పిల్లల్ని దింపే ప్రతి ఇంటికీ సంబంధించినది. అదే హెల్మెట్. 'మళ్లీ అదే పాటా మేడం?' అనుకోకండి. పెట్టుకోండి అని చెప్పడానికి కూడళ్లలో ట్రాఫిక్ పోలీసుల బోర్డులు ఉన్నాయి. పెట్టుకోవడం, పెట్టుకోకపోవడం ఎవరి ఇష్టం అనే ప్రశ్న గురించి మీతో మాట్లాడాలని ఉంది.

ఆ ప్రశ్న నాకు ఒక పేరెంట్ దగ్గరే ఎదురైంది. ఏ సంవత్సరం, ఏ తరగతి అన్నది ఇక్కడ అనవసరం. ఉదయం గేట్ డ్యూటీలో ఉన్నాను. ఆయన హెల్మెట్‌ను పెట్రోల్ ట్యాంకు మీద పెట్టుకుని వచ్చారు. వెనక బాబు, వాడి వీపుకు బ్యాగు. 'సార్, అది తలకు పెట్టుకోవచ్చు కదా' అన్నాను. ఆయన నవ్వుతూనే, 'మావాడి చదువు మీరు చూసుకోండి మేడం. నా తల నా ఇష్టం' అన్నారు. మర్యాదగానే అన్నారు. అది కొట్టిపారేయాల్సిన మాట కాదని నాకు ఆ రోజే అనిపించింది.

ముందు ఆ వైపు వాదన నిజాయితీగా విందాం. నేను రోజూ స్కూటీ మీద రానూపోనూ పద్దెనిమిది కిలోమీటర్లు తిరుగుతాను. మే నెల ఎండలో సిగ్నల్ దగ్గర నిలబడితే హెల్మెట్ లోపల ఎలా ఉంటుందో నాకు తెలుసు. చెమట కళ్లలోకి దిగుతుంది. జడ వేసుకుని, పూలు పెట్టుకుని ఏదైనా ఫంక్షన్‌కి వెళ్లాలంటే ఇంకో ఇబ్బంది. మెడ నొప్పి ఉన్నవాళ్ల బాధ వేరు. వీటన్నిటికీ మించి ఇంకో మాట ఉంది: 'పక్కవాడికి హాని జరగనంత వరకు నా మంచిచెడ్డలు ప్రభుత్వానికి ఎందుకు? సిగరెట్ తాగితే ఊపిరితిత్తులు పాడవుతాయి, అయినా కొనుక్కోనిస్తున్నారు కదా?' ఎనిమిదో తరగతిలో ఈ అంశం మీద చర్చ పెడితే సరిగ్గా ఇదే ప్రశ్న ఒక అమ్మాయి అడిగింది. క్లాసంతా చప్పట్లు కొట్టింది.

ఈ ప్రశ్న మన దేశంలో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, అదీ మన హైదరాబాద్ నుంచే. అప్పటి ఆంధ్రప్రదేశ్ మోటారు వాహనాల నిబంధనల్లో హెల్మెట్ తప్పనిసరి చేస్తే, అది రాజ్యాంగం ఇచ్చిన సంచార స్వేచ్ఛకు అడ్డమని ఒకరు కేసు వేశారు. 1988లో తీర్పు వచ్చింది. హెల్మెట్ పెట్టుకోమనడం ఎవరి ప్రయాణాన్నీ ఆపడం కాదని, ఆ నిబంధన ప్రయాణించేవాళ్ల క్షేమం కోసమేనని కోర్టు చెప్పింది. కేసు అక్కడితో ముగిసింది కానీ, మన వీధుల్లో వాదన మాత్రం ముగియలేదు. కెమెరా ఉన్న కూడలి దాకా హెల్మెట్ చేతికి వేలాడుతుంది, కూడలి రాగానే తలకెక్కుతుంది, దాటగానే మళ్లీ చేతికే. ఛలాన్‌కు భయపడి పెట్టుకునే హెల్మెట్ ఛలాన్ నుంచి కాపాడుతుంది. కెమెరా లేని సందులో కుక్క అడ్డం వస్తే అది తల మీద ఉండదు.

కుక్క అని ఊరికే అనలేదు. మాది తెనాలి. మా బాబాయికి అక్కడ కిరాణా కొట్టు ఉంది. నేను డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా, ఒక రాత్రి ఆయన కొట్టు కట్టేసి ఇంటికి వస్తున్నాడు. కొట్టుకీ ఇంటికీ కిలోమీటరు కూడా లేదు. కుక్క అడ్డం వస్తే బ్రేక్ వేశాడు, బండి జారింది. ఒంటి మీద పెద్ద గాయమేమీ లేదు కానీ, తల వెనక భాగం సిమెంటు రోడ్డుకు తగిలింది. హెల్మెట్ కొట్లో మేకుకే వేలాడుతూ ఉంది. గుంటూరులో ఇరవై రెండు రోజులు ఆస్పత్రిలో ఉంచారు. డాక్టర్ల పుణ్యాన బతికాడు.

మా బాబాయి నోటి లెక్కకు వీధి వీధంతా పేరు. ఇరవై సరుకుల చీటీ చూసి, కాలిక్యులేటర్ ముట్టుకోకుండా మొత్తం ఎంతో చెప్పేవాడు. నాకు ఎక్కాలు నేర్పింది ఆయనే. ఇప్పుడు ఐదు వందల నోటుకు చిల్లర ఇవ్వమంటే కంగారు పడిపోతాడు. మాట్లాడుతూ మధ్యలో ఆగిపోతాడు. చిన్నదానికే కోపం వస్తుంది, తర్వాత తనే కూర్చుని బాధపడతాడు. కొట్టు మా పిన్ని నడుపుతోంది. ఇంటర్ ఎంపీసీ చదువుతున్న మా తమ్ముడు కాలేజీ మానేసి రెండేళ్లు కొట్లో కూర్చున్నాడు, ఆ తర్వాత దూరవిద్యలో డిగ్రీ చేశాడు. ఆస్పత్రి కోసం తాకట్టు పెట్టిన పిన్ని గాజులు తిరిగి రాలేదు. ఇదంతా పిన్నిని అడిగే రాస్తున్నాను. 'రాయమ్మా, ఎవరో ఒకరైనా చదువుతారు' అంది.

తల బాబాయిదే. ఆ రాత్రి హెల్మెట్ వద్దనుకున్న ఇష్టమూ ఆయనదే. అయితే దానికి బిల్లు ఇంట్లో ఒక్కొక్కరి పేరునా విడివిడిగా వచ్చింది. 'పక్కవాడికి హాని లేదు' అనే మాట సంసారం ఉన్న మనిషి విషయంలో ఎంతవరకు నిలుస్తుందో మీరే ఆలోచించండి.

అయినా సరే, పెద్దవాళ్లు తమ సంగతి తాము నిర్ణయించుకుంటారనే వాదనను కాసేపు ఒప్పుకుందాం. వెనక కూర్చున్న పిల్లల సంగతేమిటి? నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం ఇదే.

వ్యక్తి స్వేచ్ఛ గురించి మాట్లాడేవాళ్లు ఎక్కువగా చెప్పే పేరు జాన్ స్టూవర్ట్ మిల్. 1859లో వచ్చిన 'ఆన్ లిబర్టీ' ఆయన పుస్తకం. ఒక మనిషి మేలు కోసమే అయినా అతణ్ని బలవంతపెట్టకూడదు అన్నాడాయన. అదే పుస్తకంలో, ఈ సూత్రం పెద్దలకే గానీ పిల్లలకు వర్తించదని కూడా స్పష్టంగా రాశాడు. మన బంధువులు చాలామంది ఉంటున్న అమెరికాలో హెల్మెట్ చట్టాలు రాష్ట్రానికో రకం. మిచిగన్ రాష్ట్రం 2012లో చట్టాన్ని సడలించి, కొన్ని షరతుల మీద హెల్మెట్ లేకుండా నడపనిచ్చింది. ఆ ఇష్టం కూడా 21 ఏళ్లు నిండినవాళ్లకే. అంటే, స్వేచ్ఛ వైపు గట్టిగా నిలబడినవాళ్లు సైతం పిల్లల్ని ఆ లెక్కలో కలపలేదు.

మన చట్టమూ ఆ మాటే చెబుతోంది. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ ప్రకారం నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ హెల్మెట్ ఉండాలి. నడిపేవారికీ, వెనక కూర్చున్నవారికీ. స్ట్రాప్ బిగించి ఉంటేనే పెట్టుకున్నట్టు. పెట్టుకోకపోతే ఆ సవరణ చెప్పే జరిమానా వెయ్యి రూపాయలు, దాంతోపాటు లైసెన్సుకు మూడు నెలల అనర్హత. నాలుగేళ్లలోపు పిల్లలకు 2023 ఫిబ్రవరి నుంచి వేరే నిబంధన అమల్లోకి వచ్చింది: పిల్లల్ని పెద్దవారికి కట్టి ఉంచే సేఫ్టీ బెల్టు, తలకు సరిపోయే హెల్మెట్, బండి వేగం గంటకు 40 కిలోమీటర్లు మించకూడదు.

కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో హెల్మెట్ లేకుండా ప్రమాదాల్లో చనిపోయినవారు 50,029 మంది. వాళ్లలో 14,337 మంది బండి నడిపినవారు కాదు, వెనక కూర్చున్నవారు. హ్యాండిల్ వాళ్ల చేతిలో లేదు, బ్రేక్ వాళ్ల కాలి కింద లేదు.

'ఇక్కడిక్కడే కదా మేడం, స్పీడు కూడా పోము' అని చాలామంది అంటారు. సైన్స్ టీచర్‌ని కాబట్టి ఈ ఒక్క లెక్క చెప్పనివ్వండి. మనిషి తల మీటరున్నర ఎత్తు నుంచి పడితే నేలను తాకేసరికి దాని వేగం గంటకు 19 కిలోమీటర్లు దాటుతుంది. బండి కదలకుండా నిలబడి ఉన్నా ఇంతే. రోడ్డుకు నేరుగా తగిలిన తల కొద్ది మిల్లీమీటర్లలోనే ఆగిపోవాలి. హెల్మెట్ ఉంటే లోపలి థర్మోకోల్ పొర నలుగుతుంది, తల ఆగడానికి రెండు సెంటీమీటర్లయినా దూరం దొరుకుతుంది. ఆగే దూరం పదింతలైతే తగిలే బలం దాదాపు పదో వంతుకు తగ్గుతుంది. హెల్మెట్ చేసే పని అదే. అందుకే ఒకసారి గట్టిగా దెబ్బ తిన్న హెల్మెట్, పైకి బాగానే కనిపించినా, మళ్లీ వాడకూడదు. నలిగిన థర్మోకోల్ తిరిగి పొంగదు.

కొనేటప్పుడు కొన్ని చూసుకోండి. లోపల ఐఎస్ 4151 నంబరుతో ఐఎస్ఐ గుర్తు ఉండాలి. అది లేని టూ వీలర్ హెల్మెట్ అమ్మడానికి 2021 జూన్ నుంచి వీల్లేదు. రోడ్డు పక్కన దొరికే టోపీ లాంటివి ఎండకు పనికొస్తాయేమో, దెబ్బకు ఆగవు. పాప పెద్దయ్యాక సరిపోతుందని యూనిఫాం కొన్నట్టు ఒక సైజు పెద్దది కొనకండి. పెట్టి అటూ ఇటూ తిప్పితే తలతో పాటే తిరగాలి. స్ట్రాప్ బిగించాక గడ్డం కింద రెండు వేళ్లు మాత్రమే దూరాలి. పిల్లల్ని షాపుకు తీసుకెళ్లి రంగు వాళ్లనే ఎంచుకోనివ్వండి. ఏ రంగు అన్నది వాళ్ల ఇష్టం, పెట్టుకోవడం మాత్రం ఇంటి నియమం. స్వేచ్ఛకీ నియమానికీ తేడా నేర్పడానికి ఇంతకంటే తేలికైన పాఠం నాకు తెలియదు.

ఆ రోజు క్లాసులో చర్చ ముగిసే ముందు ఒక అబ్బాయి లేచాడు. 'మేడం, మా ఇంట్లో ఛలాన్ వస్తే ఫోటో ఎక్కడ తీశారో చూస్తారు. రేపటి నుంచి ఆ రోడ్డు మార్చేస్తారు' అన్నాడు. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. పదమూడేళ్ల పిల్లలు మన మాటల కంటే మన చేతల్ని ఎంత శ్రద్ధగా చదువుతారో తెలిసింది. నాలుగైదేళ్లలో వాళ్లే లైసెన్సు తీసుకుని బండి ఎక్కుతారు. నిజంగా 'నా ఇష్టం' అనగలిగే వయసు అప్పుడు వాళ్లకి వస్తుంది. ఆ రోజు ఏ ఇష్టం ఎంచుకుంటారో ఇప్పుడు మీ వెనక సీట్లో కూర్చుని నేర్చుకుంటున్నారు.

ఫీజు నుంచి ట్యూషన్ దాకా మీ పిల్లల కోసం మీరు ఎంత కష్టపడుతున్నారో పీటీఎంలో మీ మాటల్లో వింటుంటాను. మేం ఏడాదంతా క్లాసులో కూర్చుని నింపడానికి ప్రయత్నించేది ఆ చిన్న తలనే. దాన్ని స్కూలు దాకా, మళ్లీ ఇంటి దాకా భద్రంగా చేర్చే పని మీది. పిల్లల హెల్మెట్ పెట్టుకోవడానికి స్కూల్లో చోటు లేదని కొందరు అన్నారు. మా క్లాసు వరకు వెనక అల్మరా పై అర ఖాళీ చేయించాను. సోమవారం నుంచి అక్కడ పెట్టుకోవచ్చు. మిగతా క్లాస్ టీచర్లను కూడా అడగండి, కాదనరు.


మీ పిల్లల సైన్స్ టీచర్