దాదా బందూక్, నా చేతిలో ఛురీ



పోయిన జుమా నాడు నమాజు చేసి ఇంటికొచ్చి ఫోను చూస్తే ఇంగ్లండు నుంచి మా ఖాలా కొడుకు వీడియో పంపాడు. వాడు అక్కడ కొత్తగా షికారు మొదలెట్టాడట. కోత అయిపోయిన పొలం, ఓ కంచె వార వల కట్టుకుని దాని వెనక కూర్చున్నాడు. ముందు గుర్రపు నాడా ఆకారంలో ప్లాస్టిక్ కబూతర్లు గుచ్చి ఉన్నాయి. మధ్యలో బ్యాటరీతో తిరిగే యంత్రం, దాని రెండు చేతులకూ రెండు బొమ్మ పావురాలు. ఆకాశంలో పోయే అడవి పావురం ఇవి నిజమనుకుని దిగుతుంది. వీడు కాలుస్తాడు. అక్కడ ఆ పావురాలు పంటను తినేస్తాయని, రైతుల నష్టం ఆపడానికి చట్టమే ఇజాజత్ ఇస్తుంది.

వీడియో కింద సవాల్ రాశాడు: "భాయ్‌జాన్, బిస్మిల్లా చదివే కాల్చాను. నేను వెళ్ళేసరికి జాన్ పోయింది. తినొచ్చా?"

జవాబు రాయబోయి ఆగిపోయాను. ఆ సవాల్ నాకు 12 ఏళ్ళప్పుడు, రాజోలు అవతల మోకాలి లోతు బురదలో ఎదురైంది. వాడికి ఫోనులో చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను. పిల్లలున్న మీరూ చదవండి.

అది 1990 డిసెంబరు. సార్వా కోతలయ్యాయి. శంకరగుప్తం డ్రెయిను పక్క పల్లపు చేలల్లో నీళ్ళింకా నిలిచే ఉన్నాయి. కోనసీమ అంటే కొబ్బరితోటలే అనుకుంటారు గానీ, కాలువ తెచ్చిన నీళ్ళన్నీ చివరికి దిగేది ఈ పల్లాల్లోకే. అక్కడ తుంగ, జమ్ము, నత్తలు, రాలిన గింజలు. ముర్గాబీలకు దస్తర్ఖాన్ పరిచినట్టుండేది. చలికి ఎక్కడెక్కడి నుంచో వచ్చే పరజలు కొన్ని, ఏడాదంతా మనతోనే ఉండే చిలువలు కొన్ని. చిలువ అంటే గోధుమరంగు బాతు. ఎగురుతూ ఈల వేస్తుంది. రాత్రంతా చేలల్లో మేసి, తెల్లారేసరికి మడుగుకు చేరుతుంది.

మా దాదాకు పంట కాపలా పేరుతో లైసెన్సున్న ఏకనాలీ బందూక్ ఒకటి ఉండేది. బందూక్ లైసెన్సు వేరు, షికారు పర్మిటు వేరు. 1972 చట్టం ఆ మాట చెబుతూనే ఉంది. ఆ రెండో కాయితం మా ఇంట్లో లేదు. మా ఊళ్ళో అడిగినవాడూ లేడు. ఇది గొప్పగా చెప్పుకోవడం లేదు, దాచిపెట్టి రాస్తే మిగతాదంతా ఝూట్ అవుతుందని చెబుతున్నాను.

ముందు రోజు రాత్రి అరుగు మీద కూర్చుని దాదా దీమాలు తయారు చేశాడు. ఆ మాట నాకప్పుడు తెలీదు. పిట్టల్ని రప్పించడానికి పెట్టే పిట్టను 'దీమం' అంటారని, డిగ్రీలో తెలుగు చదివేటప్పుడు నిఘంటువులో కనబడితే ఎగిరి గంతేశాను. మా ఇంట్లో మాత్రం వాటిని 'నఖ్లీ' అనేవాళ్ళం. మా నఖ్లీలు ఎండు కొబ్బరికాయలు. పీచుతో ఉన్న ఎండుకాయ నీళ్ళలో సగం మునిగి తేలితే, మసక వెలుతురులో అచ్చం చిలువే. మెడకు కొబ్బరిమట్ట ముక్క చెక్కి గుచ్చేవాడు. అడుగున పురికొస, దాని చివర ఇటుక పెంకు. అలాంటివి పన్నెండు, గోనెసంచిలో.

ఫజర్‌కు ముందే తాటిదోనెలో బయల్దేరాం. దోనె నడిపే మామ మా దాదా ఈడువాడే. దాదా నీళ్ళలో దిగి నఖ్లీలు పెడుతూ నాకు సబఖ్ చెప్పాడు. గాలి మన వీపు వైపు నుంచి రావాలి. పిట్ట గాలికి ఎదురుగా దిగుతుంది కాబట్టి మన ముందుకే వస్తుంది. కాయల మెడలన్నీ గాలి వైపే ఉండాలి. మధ్యలో ఖాళీ వదలాలి, దిగడానికి వాటికి జాగా కావాలి కదా. ఆఖరున ఓ వెదురుగడ తీసుకుని మా దగ్గర్నుంచి ముప్పై అడుగులు వేసి అక్కడ పాతాడు.

"ఆ గడ దాటితే పిట్ట కాదు, ఆస్మాన్ అనుకో. ఛర్రా చెదిరిపోతుంది. గాయమవుతుంది గానీ పడదు. యాద్ రఖ్."

గట్టు మీద కండువా పరిచి నమాజు చేశాం. రెండో రకాతులో ఉండగా నెత్తి మీద ఈలలు వినబడ్డాయి. నా గుండె సజ్దాలో లేదు, ఆకాశంలో ఉంది. దాదా మాత్రం ఒక్క తస్బీహ్ కూడా తగ్గించలేదు.

తర్వాత జమ్ములో నక్కి కూర్చున్నాం. మొదటి గుంపు సరిగ్గా మా ముందుకు వంగి, ఒక్కసారిగా పైకి లేచి తప్పుకుంది. దాదా నా వైపు తిరిగి చూశాడు. నెత్తిన తెల్ల టోపీ, మిలమిలా మెరుస్తోంది.

"ఏరా, ఈద్‌గాహ్‌కొచ్చావా? తియ్యి!"

దోనెలో మామ నోటికి చెయ్యి అడ్డుపెట్టుకుని నవ్వాడు. టోపీ తీసి జేబులో పెట్టుకున్నాను. ముఖం ఎత్తకూడదని, కళ్ళతోనే చూడాలని, పిట్టకు మనిషి ముఖమే అన్నిటికన్నా ముందు కనబడుతుందని అప్పుడు తెలిసింది.

రెండో గుంపుకు దాదా రెండు పిట్టల్ని కొట్టాడు. నా పని కాల్చడం కాదు, పరిగెత్తడం. చేతిలో ఛురీ పట్టుకుని బురదలో పడుతూ లేస్తూ వెళ్ళి, ప్రాణం ఉండగానే బిస్మిల్లాహి అల్లాహు అక్బర్ అని జబహ్ చేయాలి. మన హనఫీ ఆలిముల్లో ఎక్కువమంది మాట ఇదే: ఛర్రా కోసి చంపదు, దెబ్బకొట్టి చంపుతుంది. అందుకే కాల్చేటప్పుడు చదివిన బిస్మిల్లా చాలదు, పిట్ట మన చేతికి సజీవంగా చిక్కాలి. మొదటిది దక్కింది. వెచ్చగా ఉంది, నా అరచేతిలో దాని గుండె కొట్టుకుంటోంది. అదే నేను చేసిన మొదటి జబహ్. రెండోదాని దగ్గరికి వెళ్ళేసరికి మెడ వాలిపోయింది.

దాన్ని మామ పుచ్చుకుని, "ఆయ్, మీ దేవుడు నాకే ఎక్కువ వాటా ఏత్తన్నాడండీ సాయిబుగారూ!" అన్నాడు. దాదా నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. నేను ఆలస్యం చేసినందుకు అది మా దస్తర్ఖాన్‌కు రాలేదు. హలాల్ అంటే అమ్మీ గిన్నెలో వండేది అని అంతవరకూ అనుకునేవాణ్ణి. పిట్ట పడటానికీ ఛురీ చేరడానికీ మధ్య ఉన్న ఆ కాసిన్ని క్షణాల బరువు ఆ రోజే తెలిసింది.

ఎండెక్కాక దాదా బందూక్ నా చేతికిచ్చాడు. మొదటి కారతూస్‌కు కళ్ళు మూసుకున్నాను. మడమ భుజానికి ఆనించకపోవడంతో దవడ వాచింది. రెండోసారి, నఖ్లీల మధ్య నిజం పిట్ట వాలిందని కాలిస్తే కొబ్బరికాయ పగిలింది. "బుల్లి సాయిబుగారు చట్నీకి కొట్టారండీ" అన్నాడు మామ. శరంతో చెవులు మండిపోయాయి.

ఆ మంటే నాతో తప్పు చేయించింది. మూడోసారి ఒంటరి చిలువ ఒకటి అడ్డంగా పోతోంది. వెదురుగడకు అవతల. చాలా అవతల. నేను గడను చూశాను. చూసే కాల్చాను. ముందు రెండుసార్లు చేతగాక తప్పు చేశాను, ఇది మాత్రం తెలిసి చేసింది. పిట్ట గాలిలో ఓ కుదుపు కుదిపి, ఓ రెక్క వేలాడేసుకుని, వాలుగా పోయి దూరంగా జమ్ములో పడింది.

వెతికాం. జుహర్ దాకా వెతికాం. జమ్ము చీలుస్తుంటే చేతులు కోసుకుపోయాయి. ఒక్కసారి ఎక్కడో ఈల వినబడ్డట్టనిపించి పరిగెత్తాను. ఏమీ లేదు. దాదా నన్ను ఒక్క మాట అనలేదు. ఆ ఖామోషీ కన్నా చెంపదెబ్బ నయం. దోనె ఎక్కేముందు వెదురుగడను తనే పీకి నా చేతికిచ్చాడు.

మర్నాడు నన్ను లేపకుండా ఒక్కడే వెళ్ళాడు. అసర్‌కు తిరిగొచ్చాడు. నడుం దాకా తడిసి ఉన్నాడు, సంచి ఖాళీ. బందూక్ తీసుకెళ్ళలేదు, ఛురీ మాత్రమే తీసుకెళ్ళాడని దాదీ చెప్పింది. అప్పుడర్థమైంది, ఆయన వెళ్ళింది షికారుకు కాదు.

దాదీ గురించి ఒక మాట. ఆమె చిలువ షోర్వా వండేది గానీ కబూతర్‌ను వంటింటి గడప దాటనిచ్చేది కాదు. కళ్ళాల్లో గింజలకు దిగే పావురాల్ని కొందరు కొట్టేవారు. మొదట పడినదాని గడ్డం కింద పుల్ల ఆనించి, బతికున్నట్టు నిలబెట్టి, మిగతావాటిని పిలిపించేవారు. గారె సౌర్ దగ్గర గూడు పెట్టి నబీ గారికి పహరా కాసిన పిట్ట అని దాదీ నమ్మకం. మౌల్వీ సాబ్ వచ్చి "కబూతర్ హలాలే అమ్మా" అంటే, "హలాలే. కానీ నా చూల్హా మీద కాదు" అంది. తినడానికి ఇజాజత్ ఉందంటే తినాలని హుకుం ఉన్నట్టు కాదని, బడికి పోని ఆ మనిషికి ఎలా తెలుసో!

1991 లోక్‌సభ ఎన్నికలకు ముందు అందరి బందూకులూ పోలీసు స్టేషన్లో జమ చేయించుకున్నారు. ఎన్నికలయ్యాయి. అందరూ తెచ్చుకున్నారు, దాదా తెచ్చుకోలేదు. అడిగితే, "జంగు పట్టి ఉంటుంది లేరా" అన్నాడు. అదే ఏడాది చట్టం సవరించి, పర్మిటు మీద షికారు చేసే దారిని కూడా మూసేశారు. దాదా ఇంతెఖాల్ అయ్యాక, 1996 నవంబరు 6 తుఫానులో మా ఇంటి పెంకులతో పాటు ఆ నఖ్లీల సంచీ కొట్టుకుపోయింది.

ఇప్పుడు నాకెందుకు యాద్ వస్తోందంటే, కారణం ఖాలా కొడుకు ఒక్కడే కాదు. పోయిన చలికాలం ఓ దావత్‌లో వేడివేడి షోర్వా వడ్డించి, "ముర్గాబీ హై సాబ్, ఖాస్ మీ కోసం" అన్నారు. వల పెట్టి పట్టినవట. "జబహ్ మనవాళ్ళే చేశారు, ఫికర్ చేయకండి" అన్నారు. అదొక్కటే అడుగుతారని వాళ్ళకు తెలుసు. మనం అడిగేదీ అదొక్కటే. వల వేసిన చెయ్యి ఎవరిది, అందులో ఇంకెన్ని పిట్టలు రెక్కలు విరిగి చచ్చాయి, ఈ పనికి మూడేళ్ళ ఖైదు దాకా ఉందే అని ఎవరూ అడగరు. నేను ప్లేటు పక్కకు జరిపాను. మేజ్‌బాన్ ముఖం మాడిపోయింది. ఇప్పటికీ సలాంకు జవాబు పొడిగానే ఇస్తారు. మనసుకు కష్టంగానే ఉంది.

ఈ డిసెంబరులో మా అమ్మాయిని శంకరగుప్తం డ్రెయిను గట్టుకు తీసుకెళ్ళాను. ఉప్పునీరు ఎక్కి కొబ్బరిచెట్లు తలలు రాలిపోయి మోళ్ళుగా నిలబడి ఉన్నాయి. చేలు చాలావరకు చెరువులయ్యాయి. పిట్టల్ని బెదరగొట్టడానికి కాల్చే టపాకాయల చప్పుడు మాత్రం అచ్చం దాదా బందూక్ చప్పుడే.

తనకు సలీం అలీ ఖిస్సా చెప్పాను. 1896లో బొంబాయిలో పుట్టిన ఆ పిల్లవాడు గాలి తుపాకీతో ఓ పిచ్చుకను కొట్టాడు. దాని గొంతు మీద పసుపు మచ్చ ఉంది. మామూలు పిచ్చుక కాదే, మనం తినొచ్చా అని మామ అమీరుద్దీన్ తయ్యబ్జీని అడిగాడు. మామకు తెలియక బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపాడు. అక్కడ మిల్లార్డ్ అనే దొర పెట్టెలు తెరిచి వందల పిట్టల్ని చూపించాడు. దేశంలో పిట్టల గురించి అంత తెలిసిన మనిషి ఆ ఒక్క సవాల్‌లోంచి తయారయ్యాడు. "హలాలేనా?" అని పిల్లలు అడిగితే విసుక్కోకండి. దాన్ని చిన్న సవాల్ అనుకోకండి.

"అబ్బా, అదిగో చిలువ!" అంది మా అమ్మాయి. బైనాక్యులర్ తీసుకుని చూశాను. నీళ్ళలో సగం మునిగి తేలుతున్న ఎండు కొబ్బరికాయ. నవ్వొచ్చింది, కళ్ళూ తడిశాయి. కాసేపటికి నిజం చిలువలే వచ్చాయి, పదకొండు, ఈల వేసుకుంటూ. లెక్క తను రాసుకుంది.

ఖాలా కొడుక్కి ఆ రాత్రి జవాబు రాశాను: "ప్రాణం పోయాక దొరికితే మన మస్లక్‌లో తినకూడదు రా. మసలా ఏదైనా ఉంటే అక్కడి ఆలింను అడుగు. నాకు తెలిసింది ఇంతే. ముప్పై అడుగుల దగ్గర ఓ గడ పాతుకో. అది దాటితే కాల్చకు. ప్రాణమున్న దాన్ని గురిగా పెట్టుకుని ఆడుకోవడం మన నబీ సల్లల్లాహు అలైహి వసల్లం మనా చేశారు. గాయపడింది దొరక్కపోతే ఇంటికి పోకు, వెతుకు. మర్నాడు కూడా వెళ్ళి వెతుకు."

ఇంకా జవాబు రాలేదు. చదివినట్టు నీలం గీతలు మాత్రం పడ్డాయి.

మా దాదా మగ్ఫిరత్ కోసం దుఆ చేయండి. ఆ పిట్ట విషయంలో నా కోసం కూడా.