రైన్ ఒడ్డున మా మూలాలు

స్విట్జర్లాండ్‌లో గ్రౌబ్యుండెన్ కొండల నుంచి రెండు పాయలు వేరువేరుగా దిగివచ్చి రైషెనావ్ దగ్గర ఒకటవుతాయి. అక్కడి నుంచి కిందికంతా రైన్ నదే. ఆ సంగమానికి దగ్గర్లో, కాస్త ఎత్తు మీద, బోనాడుజ్ అనే ఊరుంది. 1525లో, పెద్దయ్యాక తెలిసి నమ్మి మళ్లీ బాప్తిస్మం తీసుకున్నవాళ్లలో మొదటివాడైన జార్జ్ బ్లౌరాక్ ఆ ఊరివాడు. మా ప్రయాణం అక్కడే మొదలు కావాలని పట్టుబట్టింది నేనే.

మాది పాలమూరు. మెన్నోనైట్ బ్రదరెన్ సంఘంలో పుట్టి పెరిగాను, మావాళ్లు ఎంబీ చర్చి అంటారు. మా తాత వనపర్తి దిక్కు ఒక పల్లెలో మాదిగవాడలో పుట్టి, చెప్పులు కుట్టి, వెట్టి చేసి, పెళ్లయి పిల్లలు పుట్టాక, ఎవరూ బలవంతపెట్టకుండా ఊరి చెరువులో దిగి బాప్తిస్మం తీసుకున్నాడు. అమెరికా, కెనడాల్లోని మెన్నోనైట్ కుటుంబాలు తరచూ ఈ నది దారిన వస్తుంటాయి. సమాధిరాళ్ల మీద, పాత చర్చి రిజిస్టర్లలో తమ ఇంటిపేర్లు వెతుక్కుంటాయి. మాకిక్కడ వెతుక్కోవడానికి ఇంటిపేరు లేదు, రక్తసంబంధమూ లేదు. మనిషి పుట్టుకతో విశ్వాసి కాడు, తెలివి వచ్చాక తానే ఒప్పుకుని కావాలి అన్న నమ్మకం ఎక్కడ మొదలైందో, దానికోసం ఎవరు ప్రాణాలిచ్చారో చూడాలని వచ్చాం. మా అమ్మాయి ఉద్యోగరీత్యా బాసెల్‌లో ఉంటోంది కాబట్టి మాకు ఇది వీలైంది.

బోనాడుజ్ దాటాక నది ఉత్తరానికి తిరుగుతుంది. మైన్‌ఫెల్డ్ ఊరికి ఇప్పుడు జనం హైడీ కథ కోసం వస్తారు. బ్లౌరాక్‌కు బాప్తిస్మమిచ్చిన కాన్రాడ్ గ్రేబెల్ 1526 వేసవిలో అక్కడే ప్లేగు తగిలి పోయాడు. అప్పటికి ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. ఆ తర్వాత వచ్చే కాన్‌స్టాన్స్ సరస్సును రైలు కిటికీలోంచే చూశాం.

షాఫ్‌హౌజెన్ దగ్గర మాత్రం దిగాం. అక్కడి జలపాతం ఐరోపాలోనే పేరున్నది, జనం కిటకిటలాడుతున్నారు. నాకు కావలసింది దానికి పైన ఉన్న ప్రశాంతమైన నీళ్లు. 1525 ఫిబ్రవరిలో, ఆ చలిలో, ఉలిమాన్ అనే మాజీ సన్యాసిని గ్రేబెల్ ఈ ప్రాంతంలోనే రైన్‌లోకి దించి నిండా ముంచాడు. అప్పటిదాకా వాళ్లు తలమీద నీళ్లు పోసేవారు. మా సంఘాల్లో ఇప్పటికీ చెరువులోనో వాగులోనో మందిరం తొట్టిలోనో నిలువెల్లా ముంచే ఇస్తారు. తాత దిగిన చెరువుకూ ఈ నదికీ నడుమ నాలుగు వందల ఏళ్లున్నా, చేసిన పని ఒకటే.

షాఫ్‌హౌజెన్‌కు పశ్చిమాన కొండల్లో ష్లైట్‌హైమ్ ఉంది. 1527 ఫిబ్రవరి 24న ఈ విశ్వాసులు అక్కడ చాటుగా కూడి ఏడు అంశాలు రాసుకున్నారు. కత్తి పట్టకూడదని, ఒట్టు పెట్టకూడదని, చిన్నపిల్లలకు బాప్తిస్మం ఇవ్వకూడదని వాటిలో ఉంది. అవి రాయడంలో ముందున్నవాడు మైకేల్ జాట్లర్. ఒకప్పుడు బెనెడిక్టైన్ మఠంలో పెద్ద పదవిలో ఉన్నవాడు. మూడు నెలలు తిరక్కుండానే ఆయన్ను నెకర్ నది ఒడ్డున రోటెన్‌బుర్గ్‌లో నాలుక కోసి, కాల్చిన పట్టకార్లతో ఒళ్లు పీకి, మంటల్లో వేశారు. కొద్దిరోజులకే ఆయన భార్య మార్గరెటాను నెకర్‌లో ముంచి చంపారు.

ఇంకా కిందికి పోతే వాల్డ్‌షూట్. అక్కడి పాస్టర్ బాల్తజార్ హుబ్మాయర్ 1525 ఈస్టర్ రోజుల్లో పాలు పితికే బకెట్టుతో నీళ్లు తెచ్చి మూడు వందలమంది దాకా బాప్తిస్మమిచ్చాడు. ఊరు ఊరంతా మారిపోయింది. మూడేళ్లలో ఆయన్నీ వియన్నాలో కాల్చేశారు. వాల్డ్‌షూట్ దగ్గరే ఆరె నది వచ్చి రైన్‌లో కలుస్తుంది. నిజానికి ఆ సంగమం దగ్గర రైన్ కన్నా ఆరెలోనే నీళ్లెక్కువ. ఆ ఆరెలోకి కొంచెం ఎగువన లిమ్మట్ వచ్చి చేరుతుంది. లిమ్మట్ జూరిక్ నడిబొడ్డు నుంచి వస్తుంది. అందుకే మేమిక్కడ ప్రవాహానికి ఎదురు తిరిగి జూరిక్ చేరాం.

జూరిక్‌లో జరిగింది తెలుసుకోకుండా మా సంఘాలు అర్థం కావు. రోమా చర్చి పట్టు నుంచి ఆ నగరాన్ని విడిపించిన ఉల్‌రిక్ జ్వింగ్లీ శిష్యులే గ్రేబెల్, ఫెలిక్స్ మాంజ్. వాక్యంలో లేనిది వదలాలని ఆయన నేర్పాడు, వీళ్లు ఆయన కన్నా ఒకడుగు ముందుకు పోయారు. నగర కౌన్సిల్‌కు కోపం వచ్చింది. బాప్తిస్మం లేని పసిబిడ్డలకు ఎనిమిది రోజుల్లోగా ఇప్పించకపోతే ఊరు విడిచి పోవాలని 1525 జనవరి 18న చాటింపు వేసింది. మూడు రోజులకు, జనవరి 21 రాత్రి, మాంజ్ తల్లి ఇంట్లో కొందరు ప్రార్థనకు కూడారు. బ్లౌరాక్ లేచి బాప్తిస్మమిమ్మని అడిగాడు, గ్రేబెల్ ఇచ్చాడు. తర్వాత బ్లౌరాక్ మిగతావాళ్లకు ఇచ్చాడు. ఇలా పెద్దయ్యాక మళ్లీ బాప్తిస్మం తీసుకునేవాళ్లకు అనబాప్టిస్టులనే పేరు వచ్చింది, మా మెన్నోనైట్లు ఆ వరుసలోవాళ్లే.

ఇందులో నేరమేముంది? ఆ రోజుల్లో పుట్టిన ప్రతి బిడ్డా చర్చి సభ్యుడూ, నగర పౌరుడూ ఒకేసారి అయ్యేవాడు. పసిబిడ్డ బాప్తిస్మం వద్దంటే ఆ ముడి తెగిపోతుంది. ప్రభువులకు లోబడే జనం పుట్టుకతోనే తయారవరు, ఎవరికి వారు ఆలోచించుకుంటారు. దాన్ని ఏ ప్రభుత్వమూ ఓర్వలేకపోయింది. మళ్లీ బాప్తిస్మమిచ్చేవాణ్ణి నీళ్లలో ముంచి చంపుతామని 1526 మార్చిలో జూరిక్ కౌన్సిల్ ఆజ్ఞ తెచ్చింది. నీళ్లు కోరినవాళ్లకు నీళ్లే శిక్ష.

1527 జనవరి 5న మాంజ్‌ను పడవలో లిమ్మట్ నది మధ్యనున్న జాలర్ల గుడిసె దగ్గరికి తీసుకుపోయారు. రెండు చేతులూ కట్టి, మోకాళ్ల మీదుగా దించి, మోకాళ్ల సందున కర్ర దూర్చారు. అట్లా కడితే ఈత వచ్చినవాడు కూడా కదలలేడు. తల్లీ తమ్ముడూ గట్టు మీద నుంచి, విశ్వాసం విడువవద్దని కేకేశారు. అదే రోజు బ్లౌరాక్‌ను, పరాయి ఊరివాడు కాబట్టి, బెత్తాలతో కొట్టుకుంటూ నగరం బయటికి తరిమారు. రెండేళ్లకు టిరోల్‌లో ఆయన్ను తగలబెట్టారు.

ఇప్పుడు ఆ చోట ఒడ్డు గోడకు ఒక రాతి ఫలకం ఉంది. 2004లో పెట్టారు. మాంజ్‌నూ మరో ఐదుగురినీ 1527కూ 1532కూ నడుమ ఇక్కడ ముంచి చంపారని, 1614లో చంపిన హాన్స్ లాండిస్ జూరిక్‌లో ఆఖరివాడని దానిమీద చెక్కారు. చెక్కిన అక్షరాల మీద వేలు పెట్టి అమ్మాయి ఒక్కో మాటకు తెలుగు చెప్తుంటే వాళ్లమ్మ విన్నది. కింద నీళ్లు తేటగా, అడుగు రాళ్లు కనిపించేటట్టు, మంచి వడితో పోతున్నాయి.

"ఆ తల్లి ఇక్కడే నిలబడిందా బిడ్డా?" అని అడిగింది.

"ఈ ఒడ్డో, ఆ ఒడ్డో తెల్వదమ్మా. నిలబడ్డది మాత్రం నిజం."

"కన్నకొడుకును మునిగిపొమ్మని ఎట్ల చెప్పిందో" అని నా భార్య చాలాసేపు అక్కడినుంచి కదల్లేదు. మాంజ్ పేరు పుస్తకాల్లో ఉంది. వాళ్లమ్మ ఇంట్లోనే ఉద్యమం పుట్టింది, ఆమెకు కూడా అంత చోటు దక్కాలి.

తిరిగి రైన్ పట్టుకుని బాసెల్ వచ్చాం. 1986 నవంబర్ 1న ఈ నగరం పక్కన సాండోజ్ కంపెనీ గిడ్డంగి తగలబడి, మంటలార్పిన నీళ్లతో పాటు పురుగుమందులు రైన్‌లో కలిసి నది ఎర్రబడింది. వందల మైళ్ల దాకా మలుగు చేపలు చచ్చి తేలాయి. ఆ తర్వాత తీరదేశాలు కూర్చుని నదిని బాగుచేసుకున్నాయి. చేపల కోసం అంత కదిలిన ఈ నదీతీరం, ఒకప్పుడు మనుషుల్ని పడవలకెక్కించి వెళ్లగొడుతుంటే ఊరుకుంది. నాకు మండేది అక్కడే.

బెర్న్ ప్రభుత్వం 1659లో అనబాప్టిస్టుల వ్యవహారాలకే ఒక ప్రత్యేక శాఖ పెట్టింది. వాళ్లను వేటాడి పట్టివ్వడానికి మనుషుల్ని పెట్టింది, భూములు లాక్కుంది. కొందరిని వెనిస్ ఓడల్లో తెడ్లు వెయ్యడానికి గొలుసులతో పంపింది. 1710 మార్చిలో, చెరలో ఉన్న యాభైమందికి పైగా మనుషుల్ని అమెరికా చేర్చమని ఒక కాంట్రాక్టరుకు తలకింత చొప్పున అప్పగించింది. వాళ్లలో ముసలివాళ్లున్నారు, జైల్లో మగ్గి నడవలేనివాళ్లున్నారు. పడవ రైన్‌లో ఈ బాసెల్ ముందు నుంచే దిగువకు పోయింది. మరుసటి ఏడు మరిన్ని పడవల్లో వందలమందిని కుటుంబాలతో సహా పంపించారు. వాళ్లు దొంగలు కాదు, తిరుగుబాటుదారులు కాదు. కొండవాలుల్లో ఆవుల్ని మేపుకుని బతికే రైతులు.

స్ట్రాస్‌బుర్గ్‌లో ఎక్కువసేపు ఆగలేదు. ఆ నగరానికి నల్ల అడవి నుంచి కలప తెప్పించే పనులు చూసిన ఇంజనీరు పిల్‌గ్రామ్ మార్పెక్ అనబాప్టిస్టు. పని చేయించుకున్నంత కాలం చేయించుకుని 1532లో ఆయన్నూ పంపించేశారు.

మాన్‌హైమ్‌లో నెకర్ వచ్చి రైన్‌లో కలుస్తుంది. మార్గరెటాను ముంచిన నీళ్లు, మాంజ్‌ను ముంచిన నీళ్లు ఇక్కడికి వచ్చేసరికి ఒకే నది. 1710 నాటి పడవలో ఇక ముందుకు పోలేని ముసలివాళ్లను, జబ్బుపడినవాళ్లను దించేసింది కూడా ఈ మాన్‌హైమ్‌లోనే. మిగిలినవాళ్లు నెదర్లాండ్స్‌లో నైమేఖెన్ చేరాక, అక్కడి మెన్నోనైట్లు తమ ప్రభుత్వాన్ని కదిలించి విడిపించుకున్నారు. మేం నైమేఖెన్ దాకా పోలేదు, రైన్ సముద్రంలో కలిసే చోటూ చూడలేదు.

మా సంఘానికి దారి ఆ దిగువ నుంచే వచ్చింది. నెదర్లాండ్స్‌లో హింస పడలేక అక్కడి అనబాప్టిస్టులు విస్తులా నది ముఖద్వారానికి పోయి బురదనేలల్ని సాగులోకి తెచ్చారు. 1789లో ద్నీపర్ ఒడ్డుకు, ఇప్పటి ఉక్రెయిన్‌కు, కదిలారు. 1860లో ఉక్రెయిన్‌లోనే మెన్నోనైట్ బ్రదరెన్ సంఘం ఏర్పడి, నిండా ముంచే బాప్తిస్మాన్ని నియమంగా పెట్టుకుంది. ఆ సంఘం నుంచి అబ్రహాం ఫ్రీజెన్, మరియా దంపతులు అమెరికన్ బాప్టిస్టులతో కలిసి 1890 ప్రాంతంలో నల్లగొండ చేరారు. 1899లో అమెరికా నుంచి ఎన్.ఎన్. హీబర్ట్ వచ్చారు. తర్వాత నాగర్‌కర్నూలు, వనపర్తి, దేవరకొండ, జడ్చర్లల్లో బళ్లు, మందిరాలు, ఆసుపత్రి వెలిశాయి. ఆ దొరలు మా వాడలకు వచ్చేనాటికి, పుట్టుకే మనిషి బతుకంతా నిర్ణయించేస్తుందని ఊరు మాకు రోజూ చెబుతోంది. తాత చెరువులో దిగింది ఆ మాట కాదనడానికే.

తప్పు చేసినవాళ్లు ఒక్కొక్కరే ఒప్పుకుంటున్నారు. జూరిక్ రిఫార్మ్డ్ చర్చి 2004లో క్షమాపణ అడిగింది. లూథరన్ ప్రపంచ సమాఖ్య 2010లో అడిగింది. 2025 మేలో, ఆ మొదటి బాప్తిస్మానికి ఐదు వందల ఏళ్లు నిండిన సందర్భంగా ప్రపంచం నలుమూలల నుంచి మెన్నోనైట్లు జూరిక్‌లో జ్వింగ్లీ బోధించిన గ్రోస్‌మున్‌స్టర్‌లోనే ఆరాధనకు కూడారు.

మరి మన సంగతి? ఆదివారం ఒకే బల్ల దగ్గర రొట్టె విరుచుకుంటాం. సోమవారం పెళ్లిసంబంధం వచ్చేసరికి మాలా మాదిగా అని అడుగుతాం. సంఘపెద్దల్ని ఎన్నుకునే రోజు కూడా కులం లెక్కే చూస్తాం. పుట్టుక మనిషిని నిర్ణయించదని చెప్పినందుకు ఆ నదుల్లో మనుషుల్ని ముంచారు. ఆ విశ్వాసాన్ని తీసుకున్న మనం పుట్టుకను అడగడం మానకపోతే మన బాప్తిస్మానికి అర్థం లేదు. పాలమూరు సంఘాల పెద్దలారా, ఈసారి బాప్తిస్మం ఇచ్చే ముందు పిల్లలకు మాంజ్ కథ, వాళ్లమ్మ కథ చెప్పండి. ఆ తర్వాత వాళ్ల పెళ్లిళ్లలో కులం అడగకండి.